వెయింగ్ రోజు, మ్యాచ్ రోజు పక్కన ఉండేవాళ్ళ పని ఏంది? కడప తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తా, మిగతావాళ్ళకి గూడా అర్థం కావాలి కదా. నీకు మోకాలు దెబ్బతిని ఈసారి జూనియర్ స్టేట్ జూడోలో ఆడటం లేదు, కానీ మీ క్లబ్ నుంచి ఇద్దరు పోతాండారు, పిల్లోడు అండర్ 66 కేజీలు, పాప అండర్ 52 కేజీలు, సార్ నిన్ను గూడా తోడు రమ్మన్నాడు. "అక్కా నేను పోయి చేసేదేముంది, చప్పట్లు కొట్టడానికా, వాళ్ళకి నిజంగా పనికొచ్చేట్టు ఏం చెయ్యాల" అని అడిగినావు. పిల్లోడు ఇప్పుడు 68.4 కేజీలు ఉన్నాడు, వెయింగ్‌కి, అంటే ఆటకి ముందు బరువు తూచేదానికి, ఆరు రోజులే టైముంది అని గూడా రాసినావు. ఒకవేళ ఓడిపోతే ఏం మాట్లాడాల అని గూడా అడిగినావు.

నేను అనంతపురంలో చిన్నప్పటి నుంచి జూడో ఆడినా, ఇప్పుడు పిల్లల్ని మీట్లకి తీస్కపోతా ఉన్నా. నేను ఆడిన మీట్ల కంటే పక్కన నిలబడిన మీట్లే ఎక్కువ. కాబట్టి నువ్వు చేసేదేమీ లేదు అనుకోవద్దు, చానా ఉంది. ఆడేవాళ్ళకి ధైర్యం చెప్పేవాళ్ళు వందమంది దొరుకుతారు, వాళ్ళ చెప్పులు యాడున్నాయో, మ్యాట్ మీదికి కాల్ ఎప్పుడొస్తాదో, తాగిన నీళ్ళు ఎన్నో చూసుకునేవాళ్ళు ఒక్కరు గూడా దొరకరు. ఆ ఒక్కరు నువ్వు కావాల. వాళ్ళ తలలో మ్యాట్ తప్ప ఇంకేమీ లేకుండా చూడటమే నీ పని.

ముందు వెయిట్ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే నాకు భయం అక్కడే.

పిల్లోడు 2.4 దించాల. ఆరు రోజులుంటే ఇది ఎండబెట్టే పని కాకూడదు, తిండి మార్చుకునే పని కావాల. ఈ రోజు నుంచే ఉప్పు తగ్గించమను, ఊరగాయ, అప్పడం, చిప్స్, బయటి చికెన్ పకోడా అన్నీ బంద్. ఆఖరి రెండు మూడు రోజులు పీచు ఉండేవి గూడా తగ్గించాల, మనోళ్ళు ఇది వింటే ఆశ్చర్యపోతారు, రాగి సంగటి, ఆకుకూర, జొన్నరొట్టె అన్నీ మంచి తిండే కానీ అవి పేగుల్లో బరువుగా నిలబడతాయి, ఆ రెండ్రోజులు కొంచెం తెల్లన్నం, గుడ్డు, పెరుగు, పల్చటి పప్పు తింటే ఏ బాధా లేకుండా కొంత బరువు అదే దిగుతాది. అన్నం మరీ మానేస్తే గూడా బరువు బిర్నా దిగినట్టు కనపడతాది, ఒంట్లో దాచుకున్న పిండి పదార్థం ఒక గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకోనుంటాది కాబట్టి అది ఖర్చైతే నీళ్ళు గూడా పోతాయి, కానీ ఆ పిండి పదార్థమే కదా రేపు మ్యాట్ మీద పట్టుకి బలం, అందుకే పూర్తిగా మానొద్దు.

నీ పని ఇక్కడ ఏందంటే, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. రోజూ రాత్రి పడుకునే ముందు బరువు, పొద్దున లేచి ఒంటికి, రెంటికి పోయొచ్చినాక బరువు, రెండూ రాయి. మామూలుగా నిద్రలో ఊపిరి, చెమట, ఉచ్చ రూపంలో అర కేజీ నుంచి కేజీ దాకా దిగుతాది, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. మనోడికి ఎంత దిగుతాదో నాలుగు రోజుల్లో నీకే తెలిసిపోతాది, అప్పుడు చివరి రాత్రి 66.5 చూసి ఎవ్వరూ బెంబేలెత్తాల్సిన పని ఉండదు. స్కేల్ గట్టి నేల మీద పెట్టు, చాప మీద, మ్యాట్ మీద పెడితే తప్పు చూపిస్తాది. అక్కడికి పోయినాక వాళ్ళ ట్రయల్ స్కేల్ ఉంటే దాని మీద ఒకసారి, మీ స్కేల్ మీద ఒకసారి ఎక్కించి తేడా ఎంతుందో రాసుకో.

రెండ్రోజుల ముందు గూడా కేజీకి పైన ఎక్కువే ఉంటే, సార్‌తో మాట్లాడి దాని పైన ఉండే అండర్ 73లో ఆడించండి. డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే లిస్టు, పడకముందే ఆర్గనైజర్లకి చెప్పి ఎంట్రీ మార్చడానికి వీలైతాదేమో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో, ఆ రోజు పోయి అడిగితే ఎవరూ వినరు. పెద్దోళ్ళతో ఆడాల్సొస్తాది అని బాధపడతాడు, పడనీ. ఒంట్లో నీళ్ళు రెండు శాతం తగ్గినా ఆట పడిపోతాది, 68 కేజీల మనిషికి అది ఒకటిన్నర కేజీ గూడా కాదు.

ఎందుకింత గట్టిగా చెప్తాండానంటే, నేను చేసిన తప్పు ఒకటుంది. నాకప్పుడు పంతొమ్మిదేండ్లు, కర్నూల్లో స్టేట్ మీట్. మా టీమ్‌లో నాకంటే పెద్దక్క ఒకామె అండర్ 48, వెయింగ్ ముగిసేదానికి ఇంకా ముప్పావు గంట ఉంది, ట్రయల్ స్కేల్ మీద 300 గ్రాములు ఎక్కువ. రెండు జర్కిన్లు తొడిగి, లోపల ప్లాస్టిక్ కవర్ చుట్టి, స్టేడియం మెట్ల మీద పరిగెత్తించినాం, చేతిలో ఖాళీ బాటిలు, ఉమ్మి ఉమ్మి అందులో వేస్తా ఉంది. నేను ఆమె ఎనకాల పరిగెడతా "ఇంకొక్క రౌండ్ అక్కా, ఒక్కటే" అని అరుస్తా ఉన్నా, సాయం చేస్తాండా అనుకున్నా. 47.9 వచ్చింది, అందరం ఎగిరినాం. బయటికొచ్చి ఒక లీటరు చల్లటి కూల్ డ్రింక్ గటగటా తాగేసింది, పది నిమిషాలకి మొత్తం కక్కేసింది. ఇడ్లీ తుంచి నోట్లో పెడితే నాలుక అంగిట్లో అతుక్కోని మింగలేకపోయింది. ఫస్ట్ బౌట్‌కి ముందు ఆమె చేతివేళ్ళు కొంకర్లు పోయినాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకోనిపోయింది, నేను ఒక్కో వేలు పట్టుకోని లాగి తీసినా. కాలర్ పట్టుకునేదానికే బలం లేదు, నిమిషం లోపలే ఇప్పోన్ పడింది, అంటే ఒక్క దెబ్బకే ఆట ముగించే పూర్తి పాయింటు ఎదుటామెకి పోయింది. ఏడాదంతా ప్రాక్టీస్ చేసిన మనిషి. అరిచింది నేను. ఆ తర్వాత ఎవరినీ అట్లా పరిగెత్తించలేదు, పరిగెత్తించనియ్యను గూడా.

ఇది ఓడిపోవడంతో ఆగే విషయం గూడా కాదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు నెల కాస్త అటూ ఇటూగా, ఇట్లనే వేడి గదుల్లో, ఒళ్ళంతా కప్పుకోని ఎక్సర్‌సైజు చేసి వెయిట్ దించే పనిలోనే చచ్చిపోయినారు, ఆ తర్వాతే అక్కడ రూల్స్ మార్చినారు. మన అనంతపురం, కడప, కర్నూలు ఎండల్లో, ఏప్రిల్ మేలో 40 డిగ్రీలు దాటినప్పుడు, జర్కిన్ వేసుకోని పరిగెత్తడం అంటే ఇంకేం చెప్పాల. ఎవరైనా చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతా ఉన్నా, తల తిరుగుతాంది అన్నా, మాట తడబడినా, వాంతి చేసుకున్నా, ఆ క్షణంలో వెయింగ్ మర్చిపో, నీడకి తెచ్చి బట్టలు విప్పి ఒంటి మీద నీళ్ళు పోసి విసురు, 108కి ఫోన్ చెయ్. సార్ తిడతాడేమో అని చూడొద్దు.

ఇంకో రెండు మాటలు. "ఒక మాత్ర వేసుకుంటే రాత్రికి రాత్రే ఒంటికి పోసి దిగిపోతాది" అని ఎవడో ఒకడు ఖచ్చితంగా చెప్తాడు, అవి ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్రలు, గుండె జబ్బోళ్ళకి, కిడ్నీ జబ్బోళ్ళకి డాక్టర్లు ఇచ్చేవి, డోపింగ్ లిస్టులో నిషేధం, మ్యాచ్ ఉన్నా లేకున్నా నిషేధమే. అట్లనే వెయింగ్ అయినాక "ఆర్ఎంపీ దగ్గర ఒక సెలైన్ ఎక్కించుకుందాం" అంటారు, ఆస్పత్రిలో నిజంగా వైద్యం అవసరమైతే తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి ఎక్కించుకోవడం గూడా నిషేధమే. ఇది మనోళ్ళకి చానామందికి తెలీదు.

వినేశ్ ఫోగాట్ సంగతి గుర్తుంది కదా. 2024 ఆగస్టు 6న పారిస్‌లో ఒకే రోజు మూడు బౌట్లు గెలిచింది, రెజ్లింగ్‌లో రెండో రోజు పొద్దున గూడా వెయిట్ ఇయ్యాల, రాత్రంతా పరిగెత్తింది, చెమట పట్టించినారు, జుట్టు గూడా కత్తిరించినారు, 50 కేజీల మీద 100 గ్రాములు ఎక్కువ వచ్చి ఫైనల్ ఆడే అవకాశమే పోయింది. డాక్టర్లు, న్యూట్రిషనిస్టు అందరూ ఉన్న టీమే అది. కాబట్టి మీ మీట్‌లో వెయింగ్ ముందు రోజు సాయంత్రమా, అదే రోజు పొద్దునా, రెండో రోజు మళ్ళీ చూస్తారా, ఇది ఇప్పుడే కనుక్కో. ఇంటర్నేషనల్ జూడోలో ముందు రోజు వెయిట్ ఇస్తారు, మ్యాచ్ రోజు పొద్దున కొందర్ని లాటరీ తీసి మళ్ళీ ఎక్కిస్తారు, 5 శాతం కంటే ఎక్కువ పెరగకూడదు, అంటే 66 వాడు 69.3 దాటకూడదు. స్టేట్‌లో ఏ పద్ధతి పెడతారో ఆర్గనైజర్లు చెప్తారు, ఫోన్‌లో విన్నది చాలదు, సర్క్యులర్ ఫోటో తెప్పించుకో.

ఇప్పుడు పాప గురించి. ఆమె 51.8 ఉంది కాబట్టి భయం లేదు అన్నావు. ఆడపిల్లలకి నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కేజీ దాకా పెరగడం మామూలే, అది తిండి ఎక్కువై పెరిగింది కాదు. ఇది నువ్వు అడగలేవు, ఆమె నీకు చెప్పలేకపోతాది, అందుకే మీ క్లబ్‌లో పెద్ద పిల్లనో, వాళ్ళ అమ్మనో, ఎవరో ఒక ఆడమనిషి తోడు రావాల్సిందే, సార్‌కి గట్టిగా చెప్పు. వెయింగ్ గదిలో ఆడపిల్లలకి ఆడ అఫీషియలే ఉండాల. నేను ఒక ఊర్లో చూసినా, వెయింగ్ పెట్టిన గదికి కిటికీ తలుపు లేదు, బయట మగపిల్లలు తిరుగుతాండారు, మా పిల్ల లోపలికి పోయి గోడకి ఆనుకోని నిలబడిపోయింది, టీ షర్టు తియ్యను అంటాంది. మేము ఇద్దరం మా గి (జూడో డ్రెస్సు) కోట్లు విప్పి కిటికీకి అడ్డం పట్టుకోని నిలబడినాం, మిగతా జిల్లాల పిల్లలు గూడా ఒక్కొక్కరే వచ్చి మా ఎనకాలే వెయిట్ ఇచ్చి పోయినారు. తోడు అంటే నా లెక్కలో అదీ. అక్కడ ఎవరి చేతిలోనైనా ఫోన్ కనపడితే నోరు తెరిచి అడుగు, మొహమాటపడొద్దు.

వెయిట్ ఇచ్చి బయటికి రాగానే నీ చేతిలో బాటిల్ రెడీగా ఉండాల, లోపల ఓఆర్ఎస్. మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసుండే పొడి ప్యాకెట్ తీసుకో, మీద ఒక లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలుపు, తక్కువ నీళ్ళలో చిక్కగా కలపొద్దు. టెట్రా ప్యాక్‌లో అమ్మే తియ్యటి నీళ్ళు ఓఆర్ఎస్ కాదు, 2025 అక్టోబర్‌లో తిండి వస్తువుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గూడా అట్లాంటివాటి మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని చెప్పింది. ఒక కేజీ తగ్గి ఉంటే ఒకటిన్నర లీటరు దాకా, కానీ గుక్క గుక్కగా, రెండు మూడు గంటల్లో. వాళ్ళు గటగటా తాగాలనే చూస్తారు, బాటిల్ నువ్వే పట్టుకో.

తిండి అరటిపండు, ఇడ్లీ, పెరుగన్నం, కారం లేని చిత్రాన్నం. బయట బండి మీద ఉగ్గాణి, మిరపకాయ బజ్జి వాసనొస్తా ఉంటాది, వారం రోజులు నోరు కట్టేసుకున్నోళ్ళకి ఆ వాసన ఎట్లా ఉంటాదో నాకు తెలుసు, మ్యాచ్ అయినాక నేనే కొనిస్తా అని చెప్పు, కొనియ్యి గూడా. ముందు రోజు రాత్రి కొత్త హోటల్లో బిర్యానీ ప్రయోగాలు వద్దు. కడప నుంచే చెనిక్కాయ ఉండలు, ఇంట్లో చేసిన చపాతీలు కొన్ని కట్టించుకోండి.

బ్యాగ్ నువ్వు సర్దు. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, ఎంట్రీ ఫారం, ఫోటోలు, అన్నీ ఒరిజినల్ ఒక సెట్టు, జిరాక్స్ రెండు సెట్లు, ప్లాస్టిక్ కవర్లో. గి రెండు జతలు ఉంటే రెండూ, నీలం గి కావాలా వద్దా ముందే అడిగి. పాపకి లోపల వేసుకునే తెల్ల ప్లెయిన్ టీ షర్టు, జుట్టుకి బట్ట రబ్బర్‌బ్యాండ్లు, ఇనుముది, గట్టి ప్లాస్టిక్‌ది ఏదున్నా మ్యాట్ దగ్గర తీసేయమంటారు. గోళ్ళు కత్తిరించేది, వేళ్ళకి చుట్టే టేప్, ఐస్ ప్యాక్, ప్యాడ్లు, ఒక పాత దుప్పటి. చెప్పులు ముఖ్యం, వార్మప్ నుంచి మ్యాట్ అంచు దాకా చెప్పులతోనే రావాల, బాత్రూమ్‌కి ఒట్టి కాళ్ళతో పోయొచ్చి మ్యాట్ ఎక్కితే అందరికీ చర్మం జబ్బులు.

హాల్లో దుప్పటి ఒక మూల పరిచి అదే మీ ఇల్లు అనుకోండి. డ్రా షీట్ ఫోటో తీసుకో, ఏ మ్యాట్, ఎన్నో బౌట్, ముందు ఎన్ని ఉన్నాయి, అది నువ్వే లెక్కబెట్టు, వాళ్ళకి లెక్క చెప్పొద్దు, "ఇంకో పది నిమిషాలుంది, లేచి ఒళ్ళు వేడి చేసుకో" అంతే. ఎదుటోడు ఎవరు, ఖేలో ఇండియా ఆడినాడంట, నేషనల్ మెడల్ ఉందంట, ఇట్లాంటి కబుర్లు ఎవడు మోసుకొచ్చినా నీ దగ్గరే ఆపెయ్, సార్‌కి కావాలంటే సార్‌కి చెప్పు. ఇద్దరి ఫోన్లు నీ జేబులో పెట్టుకో. అమ్మానాన్నలు పది నిమిషాలకోసారి చేస్తా ఉంటారు, వాళ్ళ తప్పు కాదు, నువ్వే ఎత్తి "తిన్నారు, బాగున్నారు, బౌట్ అయినాక నేనే చేస్తా" అని చెప్పు.

వార్మప్‌కి ఉచికోమి, అంటే ఎదుటి మనిషిని పడెయ్యకుండా పట్టు పట్టి లాగే ప్రాక్టీస్, చేసేదానికి మనిషి కావాల. నువ్వు నిలబడొద్దు, ఆవేశంలో ఒకసారి లాగితే నీ మోకాలు పోతాది, ముందు రోజే వేరే జిల్లా వాళ్ళతో మాట్లాడి అదే వెయిట్‌కి దగ్గరగా ఉండే పిల్లలు ఇద్దర్ని ఖాయం చేసిపెట్టు. బౌట్‌కి బౌట్‌కి మధ్య పది నిమిషాలే దొరకొచ్చు, నాలుగు నిమిషాల బౌట్ సమానంగా ముగిసి గోల్డెన్ స్కోర్‌కి (ముందు పాయింటు తెచ్చుకున్నోళ్ళే గెలిచే ఆటకి) పోతే దానికి టైం లిమిట్ లేదు, ఆడొచ్చినోళ్ళు ఒగరుస్తా ఉంటారు, అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడించకుండా గుక్కెడు నీళ్ళిచ్చి, చేతులు పిసికి, చెమట తుడిచి, దుప్పటి కప్పు.

అరవడం గురించి ఒకటి చెప్తా, మన జిల్లాల టీములు అందరూ చేసే తప్పు ఇది. రిఫరీ హజిమే (మొదలుపెట్టు) అన్నదానికి, మట్టే (ఆపు) అన్నదానికి మధ్య కోచ్ కుర్చీలో కూర్చోని మాట్లాడకూడదు, రిఫరీ మట్టే అన్నాక దొరికే ఆ రెండు మూడు సెకన్లలోనే సార్ మాట చేరాల. మనోళ్ళు సరిగ్గా అప్పుడే ఒకేసారి "కొట్టు, పట్టు, లేపు" అని కేకలేస్తారు, ఆ గోలలో సార్ చెప్పింది ఒక్క ముక్క వినపడదు. నేను మ్యాట్ మీద ఉన్నప్పుడు సార్ నోరు కదలడం చూసినా కానీ మాట వినలేదు, చానాసార్లు. కాబట్టి ఆట నడిచేటప్పుడు పేరు పిలిచి అరువు, మట్టే వినపడగానే చెయ్యి పైకెత్తి మనోళ్ళందర్నీ నిశ్శబ్దం చెయ్యి. ఎదుటోళ్ళని ఒక్క మాట గూడా అనొద్దు.

ఎవరైనా తల కొట్టుకోనేట్టు పడితే, లేచి బాగున్నా అన్నా సరే, కళ్ళలోకి చూసి రెండు మాటలు మాట్లాడించు. ఏ ఊర్లో ఉన్నాం, ఏ రౌండ్ ఇది అని. అడిగిందే మళ్ళీ అడుగుతా ఉంటే, వెలుతురు చూడలేకపోతే సార్‌కి, డాక్టర్‌కి చెప్పు. వాళ్ళు నిన్ను బతిమాలుతారు చెప్పొద్దని, కోపం గూడా చేసుకుంటారు. చెప్పు.

చివరికి నువ్వు అడిగిన ప్రశ్న, ఓడిపోతే ఏం మాట్లాడాల. వెంటనే ఏమీ మాట్లాడొద్దు. రిఫరీ తప్పు అనొద్దు, పర్లేదు అనొద్దు, వీడియో చూపించొద్దు, వాళ్ళు చెప్పేదాకా స్టేటస్‌లో ఏదీ పెట్టొద్దు. చెప్పులు తెచ్చి కాళ్ళ ముందర పెట్టు, బెల్టు ముడి విప్పడానికి చేతులు రాకపోతే నువ్వు విప్పు, పక్కన కూర్చో. రెపచేజ్, అంటే ఓడినోళ్ళకి కాంస్యం కోసం దొరికే ఇంకో అవకాశం, ఉంటే మాత్రం డ్రా షీట్ చూసి బిర్నా చెప్పాల, ఏడుస్తా కాల్ మిస్ అయినోళ్ళని చూసినా. ఇద్దర్లో ఒకరు గెలిచి ఒకరు ఓడితే, ఫోటోలు అయినాక గెలిచినోళ్ళని గూడా ఓడినోళ్ళ దగ్గరికి నువ్వే తీసుకోని రా, వాళ్ళంతట వాళ్ళకి ఎట్లా రావాలో తెలీదు.

పోయినేడు మా పిల్ల ఒకామె కర్నూల్లో సెమీస్‌లో ఓడింది, కాంస్యం బౌట్ గూడా పోయింది. సాయంత్రం బస్సు ఎక్కినాం. కిటికీకి తల ఆనించి కూర్చుంది, వెల్దుర్తి దాటింది, డోన్‌లో బస్సు ఆగితే మసాలా బొరుగులు కొని ఒడిలో పెట్టినా, ముట్టలేదు. నేను గూడా అడగలేదు. గుత్తి కోట కనపడే టైంకి పొట్లం విప్పి నాలుగు బొరుగులు నోట్లో వేసుకోని, "అక్కా, ఆ రెండో బౌట్‌లో నా ఎడమ చెయ్యి ఎప్పుడు వదిలేసినా నేను?" అని అడిగింది. అప్పుడు ఫోన్ తీసి వీడియో పెట్టినా, పామిడి దాకా ఆ ఒక్క పట్టు గురించే మాట్లాడుకుంటా వచ్చినాం.